ఊరి భూమికి ప్రణాళిక: నీటి దారి నుంచి సర్వే నంబర్ల జాబితా దాకా

ఇళ్లు ఎటువైపు పెరగాలి, చెత్త షెడ్డు ఎక్కడ పెట్టాలి, యాసంగిలో ఎన్ని ఎకరాలు వరి వేయొచ్చు, గొర్రెలు ఎక్కడ మేయాలి? ప్రతి ఊళ్లో ఈ ప్రశ్నలకు ఎవరో ఒకరు రోజూ జవాబు చెబుతూనే ఉంటారు. ప్లాట్లు కొట్టేవాళ్లు ఒకటి చెబుతారు, బోరు వేయించేవాళ్లు ఇంకొకటి, మొరం తోలే ట్రాక్టర్లు మరొకటి. ఈ జవాబులు ఒకదానికొకటి పొసగనప్పుడే శిఖంలో, అంటే చెరువు నీరు నిలిచే నేలలో, కట్టిన ఇళ్లలోకి నీళ్లొస్తాయి, తాగునీటి బోరు పక్కనే డంపింగ్ యార్డు వెలుస్తుంది. పంచాయతీ అందరినీ కూర్చోబెట్టి ఒకే జవాబు రాసుకుంటే దాన్నే భూ వినియోగ ప్రణాళిక అంటారు.

ఇక్కడ రాసిన పద్ధతి గట్టి రాతి మీద, ఏడాదికి 500 నుంచి 750 మిల్లీమీటర్ల వానతో బతికే ఊళ్లకు పనికొస్తుంది. పాత మహబూబ్‌నగర్, నల్లగొండ, అనంతపురం జిల్లాల్లో, పశ్చిమ ప్రకాశంలో ఎక్కువ పల్లెలు ఇలాంటివే. డెల్టా ఊళ్లలో మురుగు నీరు, ఉప్పు నీరు ముందుకొస్తాయి కాబట్టి లెక్క మారుతుంది. ఏజెన్సీ ఊళ్లలో భూ బదలాయింపు నిషేధం (1959 నాటి 1వ రెగ్యులేషన్, 1970 సవరణ), పెసా (ఏజెన్సీ గ్రామసభల అధికారాల చట్టం), అటవీ హక్కుల చట్టం ముందు చూసుకోవాలి.

పంచాయతీకి ఎంత అధికారం ఉందో మొదటే తెలుసుకోవాలి. 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 11వ షెడ్యూలులో 29 అంశాలున్నాయి. భూమి అభివృద్ధి, చిన్న నీటి వనరులు, వాటర్‌షెడ్డు, సామాజిక అడవులు వాటిలోవే. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక (జీపీడీపీ) రాసే అధికారం అక్కడి నుంచే వచ్చింది. పట్టా రైతును మాత్రం ఫలానా పంటే వేయమని పంచాయతీ శాసించలేదు. ఉమ్మడి భూములు, దారులు, మురుగు కాలువలు, ఇంటి అనుమతులు, లేఅవుటు అర్జీలు, చెత్త, తాగునీటి వనరుల మీద పట్టు ఉంటుంది. బోర్లు, పంటల విషయంలో ఉండేది ఒప్పందం మాత్రమే. ఈ తేడాను ప్రణాళికలోనే రాసిపెట్టండి. లేకపోతే మొదటి తగాదాలోనే మొత్తం కాగితం చెల్లదంటారు.

ముందు కాగితాలు

తహసీల్దారు కార్యాలయం నుంచి గ్రామ నక్షా, సర్వే నంబరువారీ పటాలు తెచ్చుకోవాలి. ఆంధ్రలో ఎఫ్‌ఎంబీ, తెలంగాణలో టిప్పన్. భూమి మొదట ఏ తరగతిలో నమోదైందో చెప్పేవి ఆంధ్రలో ఆర్‌ఎస్‌ఆర్, తెలంగాణలో సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ. ఇప్పటి అడంగల్‌నో పహాణీనో (ఏటా రాసే సాగు రికార్డు) మాత్రమే చూసి సరిపెట్టుకుంటే ‘వాగు పోరంబోకు’ కాస్తా ఎప్పుడో ‘పట్టా’గా మారిన సంగతి కనబడదు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న నంబర్లను ఎర్ర పెన్నుతో రాయండి. ఊళ్లో సగం గొడవలు ఆ ఎర్ర నంబర్ల దగ్గరే ఉంటాయి.

కొలతల దగ్గర జాగ్రత్త. ఎఫ్‌ఎంబీలో దూరాలు లింకుల్లోనో మీటర్లలోనో ఉంటాయి. ఒక లింకు 7.92 అంగుళాలు, 100 లింకులు 66 అడుగులు. తెలంగాణ టిప్పన్ 33 అడుగుల గొలుసు మీద నడుస్తుంది, 33 అడుగుల చదరం ఒక గుంట. ఎకరాకు 40 గుంటలు, లేదా 100 సెంట్లు, లేదా 4,840 గజాలు. నీటి లెక్క కోసం ఇంకొకటి గుర్తుంచుకోండి: ఎకరా 4,047 చదరపు మీటర్లు. అంటే ఎకరాలో ఒక్క మిల్లీమీటరు వాన పడితే 4,047 లీటర్లు.

సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీటు ఒకటి, జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్‌సీ) వారి భువన్ పోర్టల్ నుంచి ఉపగ్రహ చిత్రం ఒకటి ఉంటే బొమ్మ పూర్తవుతుంది. స్వామిత్వ డ్రోన్ సర్వే జరిగిన ఊరైతే గ్రామకంఠం (ఊళ్లో ఇళ్లున్న చోటు) పటం కూడా అడగండి. ఫోన్ జీపీఎస్ బయలు ప్రదేశంలోనే 3 నుంచి 5 మీటర్లు అటూ ఇటూ చూపుతుంది. గుర్తు పెట్టుకోవడానికి అది చాలు, హద్దు తేల్చడానికి పనికిరాదు.

ఎత్తు నుంచి పల్లానికి నడవడం

మే నెలలో, పొలాలు ఖాళీగా ఉన్నప్పుడు, నక్షా చేతిలో పట్టుకుని ఊరి ఎత్తయిన అంచు నుంచి వాగు దాకా నడవాలి. ఒక రోజుతో తేలదు, మూడు నాలుగు గీతలుగా అడ్డంగా కోసుకుంటూ వెళ్లాలి. వెంట నీరటి (చెరువు నీళ్లు వదిలే మనిషి), గొర్రెల కాపరి, పాత బావులు తవ్విన మనిషి, ఇంటికి నీళ్లు మోసే ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండాలి. కాపరికి ఏ గుట్ట మీద గడ్డి ఏ నెల దాకా ఉంటుందో తెలుసు. నీరటికి ఏ ఒర్రె ఏ చెరువులోకి దిగుతుందో, దాన్ని ఎవరు ఎప్పుడు పక్కకు మళ్లించారో తెలుసు.

నడుస్తూ ప్రతి ఒర్రెకూ, వాగుకూ, చెరువులోకి నీరు తెచ్చే వరద కాలువకూ నక్షా మీద నీలి గీత గీయండి. గొలుసుకట్టు చెరువులున్న ఊళ్లో పై చెరువు మత్తడి (నిండాక నీరు పొర్లే అలుగు) నుంచి కింది చెరువు దాకా ఉన్న కాలువను అడుగడుగునా చూడాలి. చెరువు పూడిక తీయించడానికి అందరూ ముందుకొస్తారు, ఆ కాలువను ఎవరూ పట్టించుకోరు. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయకు 46 వేలకు పైగా చెరువులు, కుంటలు లెక్కకొచ్చాయి. పూడిక తీసినా నిండని చెరువు కనబడితే ముందు దాని వరద కాలువ చూడండి. ఎవరో దున్ని పొలంలో కలిపేసి ఉంటారు, లేదా రోడ్డు వేసినప్పుడు తూము పెట్టకుండా పూడ్చి ఉంటారు.

చెరువు నిండు మట్టం గీయడం

ప్రణాళిక మొత్తంలో ఎక్కువ ఓపిక పెట్టాల్సిన పని ఇది. చెరువు నిండు మట్టం, అందరూ ఎఫ్‌టీఎల్ అనేది, మత్తడి (అలుగు) పైఅంచు ఎత్తు. నీరు ఆ ఎత్తుకు చేరాకే పొర్లుతుంది. కాబట్టి అదే ఎత్తులో చెరువు చుట్టూ గీసిన గీత లోపలిదంతా నీటి చోటు. అధికారికంగా దీన్ని నీటిపారుదల, రెవెన్యూ శాఖలు కలిసి నిర్ణయించాలి. అయితే ఊరు ముందే గీసుకుని ఉంటే వాళ్లు వచ్చిన రోజు ఏ నంబర్ల దగ్గర ఆగి చూడాలో చెప్పగలదు.

కావలసినవి: 10–12 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న తెల్లటి పారదర్శక పైపు 20 మీటర్లు, ఆరడుగుల కర్రలు రెండు, టేపు, వెదురు మేకులు, సున్నం. రెండు కర్రలకూ అడుగు నుంచి సెంటీమీటర్ల గుర్తులు పెట్టి, పైపు చివరలను కర్రలకు కట్టాలి. నీళ్ల బకెట్టును ఎత్తులో పెట్టి, పైపును ఒక చివర నుంచి నోటితో లాగి నింపితే గాలి బుడగలు చేరవు. కుండతో పోస్తే చేరతాయి, ఒక్క బుడగ చాలు లెక్క తప్పడానికి. చిటికెడు కుంకుమ కలిపితే నీటి గీత స్పష్టంగా కనబడుతుంది. మొదలుపెట్టే ముందు రెండు కర్రలనూ పక్కపక్కన నిలబెట్టి చూడాలి, నీరు ఒకే గుర్తు దగ్గర ఆగాలి.

ఒక కర్రను మత్తడి అంచు మీద పెట్టండి. రెండో మనిషి పైపు పొడవంతా వెళ్లి, నేల మీద అటూ ఇటూ జరుగుతూ, రెండు కర్రల మీదా నీరు ఒకే అంకె చూపే చోట ఆగాలి. అదే మట్టం. అక్కడ మేకు కొట్టి సున్నం వేసి, మొదటి మనిషి ఆ మేకు దగ్గరికి వస్తే రెండో మనిషి ముందుకు వెళ్తాడు. నడిచేటప్పుడు పైపు చివరలను బొటనవేలితో మూయాలి, లేకపోతే నీరు ఒలికిపోతుంది. పది మేకులకొకసారి రెండు కర్రలనూ మళ్లీ పక్కపక్కన పెట్టి సరిచూడాలి.

తప్పు పేరుకుపోయేది ఇక్కడే. చెరువు పైభాగం నేల చాలా చదునుగా, నూరు మీటర్లకు అర మీటరు వాలుతో ఉంటుంది. ఎత్తులో 10 సెంటీమీటర్లు తప్పితే గీత నేల మీద 20 మీటర్లు జరుగుతుంది. ఒక రైతుకు అది అర ఎకరా కావచ్చు. అందుకని ముందు మత్తడి ఎత్తును కట్ట పొడవునా రెండు కొసల దాకా తీసుకెళ్లి రాతి గుర్తు పెట్టుకోండి. తర్వాత రెండు కొసల నుంచీ రెండు జట్లు బయల్దేరి, పైన వాగు చెరువులో కలిసే చోట కలవాలి. అక్కడ రెండు జట్ల ఎత్తులూ 3 సెంటీమీటర్లకు మించి తేడా చూపితే ఆ రోజు గీత పక్కనపెట్టి మర్నాడు మళ్లీ మొదలుపెట్టండి. ఎండ ముదిరాక పైపు సాగుతుంది, బుడగలు పుడతాయి. ఉదయం పది లోపు పని ముగించడం మేలు.

మత్తడి అసలు ఎత్తులోనే ఉందా అన్నది కూడా చూడాలి. శిఖంలో సాగు చేసేవాళ్లు నీరు తొందరగా దిగాలని మత్తడిని కొట్టేసి ఉండవచ్చు. ఆయకట్టు రైతులు ఎక్కువ నీరు నిలవాలని రాళ్లు పేర్చి ఉండవచ్చు. పాత కట్టడపు రాతి వరస ఎక్కడ ఆగిందో, పక్క గోడ మీద నీటి చార ఎక్కడుందో చూస్తే అసలు ఎత్తు తెలుస్తుంది.

గీత పూర్తయ్యాక అది ఏయే సర్వే నంబర్ల గుండా పోతుందో రాయండి. తెలంగాణలో 2012 నాటి భవన నియమాల (జీవో 168) ప్రకారం నిండు మట్టం గీతకు అవతల 25 ఎకరాలు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకూ కుంటకూ 9 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలి. 10 మీటర్ల కన్నా వెడల్పయిన వాగుకు, కాలువకు అంచు నుంచి 9 మీటర్లు, అంతకన్నా సన్నవాటికి 2 మీటర్లు. నది అయితే పట్టణ పరిధి బయట 100 మీటర్లు. గీత లోపల పట్టా భూమి ఉన్న రైతులకు మాట స్పష్టంగా చెప్పాలి: పట్టా పోదు, నీరు తీశాక సాగు చేసుకోవచ్చు, కానీ మట్టి పోసి ఎత్తు చేయడం, ఇల్లు కట్టడం, ప్లాట్లుగా అమ్మడం కుదరదు. ఈ ఒక్క మాట ముందే చెప్పకపోవడం వల్ల చాలా ఊళ్లలో గీత గీసే రోజే పని ఆగిపోతుంది.

నేల గుంతలు

నేల రంగు మారిన చోటల్లా ఒక గుంత, మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు. ఎర్ర చల్క, దుబ్బ, నల్లరేగడి, గరప, చవుడు ఉన్న ఊరికి పది పన్నెండు గుంతలు చాలు. నిలువు గోడను కత్తితో చెక్కి, మెత్తటి మట్టి ఎంత లోతు ఉంది, మొరం ఎక్కడ తగిలింది, వేళ్లు ఎక్కడ ఆగాయి, సున్నపు గడ్డలు ఎక్కడ మొదలయ్యాయి అన్నవి రాయండి.

లోతు జానెడు లోపు, అంటే 22 సెంటీమీటర్ల లోపు ఉంటే అది గడ్డికి, సీతాఫలానికి, కానుగకు తగిన నేల. దున్నితే రెండు మూడేళ్లలో ఉన్న మట్టి కూడా పోతుంది. 22 నుంచి 45 దాకా ఉంటే సజ్జ, ఆముదం, కొర్ర, ఉలవ. 45 నుంచి 90 దాకా వేరుశనగ, కంది, జొన్న. అంతకు మించితే పత్తి, తోటలు. అడుగు లోతు చల్కలో పత్తి వేయడం మన మెట్ట ఊళ్లలో రైతులను ఎక్కువగా ముంచుతున్న తప్పు. రెండు వానల మధ్య ఇరవై రోజులు ఖాళీ వస్తే ఆ మట్టిలో పట్టుకోవడానికి నీరే ఉండదు, కాయ కట్టే వేళకు చెట్టు వాడుతుంది.

వాలు కొలవడానికి అదే పైపు చాలు. పైపు పొడవు 20 మీటర్లు కాబట్టి అయిదు సార్లు కొలిచి కలిపితే నూరు మీటర్లకు ఎంత దిగిందో తెలుస్తుంది. 3 మీటర్లు దిగితే 3 శాతం. 10 శాతం దాటితే నాగలి పెట్టకూడదు. చల్కలో, 600 మిల్లీమీటర్ల లోపు వాన ఉన్నచోట కాంటూరు గట్లు (ఒకే ఎత్తు వెంట వేసేవి) బాగా పనిచేస్తాయి. నల్లరేగడిలో అవే గట్లు ఎండకు పగుళ్లిచ్చి మొదటి పెద్ద వానకు తెగుతాయి. అక్కడ నీటిని మెల్లగా పక్కకు దించే వాలు గట్లు, గడ్డి కాలువలు వేయాలి. ఉపాధి హామీ పనుల అంచనాల్లో రెండు నేలలకూ ఒకే డిజైన్ రాసేస్తుంటారు. గ్రామసభలో దాన్ని ఆపాలి.

నీటి లెక్క

ఊరి మ్యాపు ఎంత అందంగా గీసినా భూగర్భ జలం లెక్క లేకపోతే పంట భూమి గురించి చెప్పేదేమీ ఉండదు. 2000ల దశకంలో రైతులే నడిపిన భూగర్భ జల యాజమాన్య పథకం ఏడు కరవు జిల్లాల్లో – అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ – ఇదే పని చేసింది. రైతులు వానమాని చదివి, బోర్లలో నీటి మట్టం కొలిచి, యాసంగి ముందు కూర్చుని లెక్క వేసుకున్నారు. పద్ధతి కష్టమైనదేం కాదు.

మండలంలోని వానమాని నుంచి 20 ఏళ్ల వర్షపాతం తీసుకుని, ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయండి. పైనుంచి 16వ అంకె తీసుకోండి. సుమారుగా నాలుగేళ్లలో మూడేళ్లు అంత వానైనా పడుతుంది. సగటు మీద లెక్క వేస్తే దాదాపు రెండేళ్లకొకసారి లోటు తప్పదు.

ఊరి విస్తీర్ణం 2,500 ఎకరాలు, ఆ 16వ అంకె 500 మిల్లీమీటర్లు అనుకుందాం. మొత్తం పడే నీరు సుమారు 50.6 లక్షల ఘనపు మీటర్లు. గ్రానైటు, నైసు రాళ్లు మెత్తబడిన నేలల్లో ఇందులో భూమిలోకి దిగేది 8 నుంచి 11 శాతమే. బంకమట్టి ఎక్కువైతే 8 వైపు, ఇసుక పాలు ఎక్కువైతే 11 వైపు. 10 శాతం అనుకుంటే 5.06 లక్షల ఘనపు మీటర్లు. ఇందులో 70 శాతం దాటి తోడితే సురక్షిత మట్టం దాటినట్టే లెక్క, కేంద్ర భూగర్భ జల మండలి వర్గీకరణ కూడా అక్కడే గీత గీస్తుంది. కాబట్టి చేతిలో ఉన్నది 3.54 లక్షలు.

ముందు మనుషులు, పశువులు. 3,000 మందికి రోజుకు తలా 55 లీటర్ల లెక్కన ఏడాదికి 60 వేల ఘనపు మీటర్లు. వెయ్యి పెద్ద పశువులకు 50 లీటర్ల చొప్పున 18 వేలు, రెండు వేల గొర్రెలు మేకలకు 6 లీటర్ల చొప్పున 4 వేల చిల్లర. మొత్తం 83 వేలు తీసేస్తే పంటలకు మిగిలేది 2.71 లక్షలు.

యాసంగి వరికి ఎకరాకు 1,200 మిల్లీమీటర్లు, అంటే 4,900 ఘనపు మీటర్లు కావాలి. ఉన్న నీరంతా వరికే ఇస్తే 55 ఎకరాలు. అదే నీటితో 500 మిల్లీమీటర్లు తాగే వేరుశనగ 134 ఎకరాలు. రెండు మూడు తడులతో, 150 మిల్లీమీటర్లతో గట్టెక్కే శనగ, జొన్న అయితే 440 ఎకరాలు దాటుతుంది. ఇందులోంచే వానాకాలంలో బోర్ల కింద ఇచ్చిన తడులూ, బత్తాయి తోటలకు ఏడాది పొడవునా పోయేదీ తీసేయాలి. వరి మడి నుంచి కొంత నీరు తిరిగి కిందికి దిగే మాట నిజమే, దాన్ని కలిపితే వరి ఎకరాలు కాస్త పెరుగుతాయి. అయినా మొదటి లెక్కలో దాన్ని వదిలేయడమే క్షేమం, ఎందుకంటే ఆ నీరు ఎప్పుడు ఎవరి బోరుకు చేరుతుందో చెప్పలేం, ఫిబ్రవరిలో ఎండే బోరుకు అది అక్కరకు రాదు.

ఇప్పుడు నిజంగా ఎంత తోడుతున్నారో కొలవాలి. 200 లీటర్ల డ్రమ్ము బోరు పైపు కింద పెట్టి గడియారం చూడండి. రెండు నిమిషాల 24 సెకన్లలో నిండితే గంటకు 5 ఘనపు మీటర్లు. మోటారు వేసిన వెంటనే కొలవకండి, అరగంట నడిచాక కొలవండి, మొదట్లో నీరు ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. అలాంటి బోర్లు 150, రోజుకు 7 గంటలు, 100 రోజులు నడిస్తే 5.25 లక్షల ఘనపు మీటర్లు. వాన నుంచి భూమిలోకి దిగిన 5.06 లక్షల కన్నా ఎక్కువ.

ఆ లోటు ఎక్కడ కనబడుతుంది? రాతి పగుళ్లలో, మెత్తబడిన పొరలో నీరు పట్టే ఖాళీ నూటికి రెండు పాళ్లు మాత్రమే. 2 లక్షల ఘనపు మీటర్ల లోటు వస్తే 2,500 ఎకరాల కింద నీటి మట్టం సగటున మీటరు దిగుతుంది. అయిదేళ్లు వరసగా అలా జరిగితే మెత్తటి పొర ఎండిపోతుంది. ఆ కింద గట్టి రాయి, అక్కడ ఎంత లోతు వేసినా పగులు తగిలితేనే నీరు.

చెరువు నింపితే అంతా సర్దుకుంటుందన్న ఆశకూ లెక్క ఉంది. నిలిచిన నీటి నుంచి రోజుకు 1.4 మిల్లీమీటర్లు కిందికి దిగుతుందని భూగర్భ జల అంచనాల్లో తీసుకుంటారు. సగటున 25 ఎకరాల్లో 120 రోజులు నీరు నిలిస్తే 17 వేల ఘనపు మీటర్లు. చెరువు కింది బావులకు అది ప్రాణం, ఊరంతటి లోటు పూడ్చడానికి మాత్రం చాలదు.

ఈ అంకెలన్నీ గ్రామపంచాయతీ గోడ మీద పెయింటుతో రాయించండి. అక్టోబరు చివర, యాసంగి నారు పోయకముందే సభ పెట్టాలి. డిసెంబరులో పెడితే మడులు నాటేసి ఉంటారు, ఎవరూ వెనక్కి తగ్గలేరు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద కొత్త బోరుకు అనుమతి కావాలి, తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు వేరే బోరు వేయకూడదు. ఊరి తాగునీటి బోర్ల చుట్టూ ఆ వృత్తం గీసి, దాని లోపలి సర్వే నంబర్లు రాసి తహసీల్దారుకు పంపండి.

ఇళ్లు, మురుగు, చెత్త

ఊరు పెరిగే దిక్కు ఎంచేటప్పుడు నీలి గీతలు, చెరువు గీత, 90 సెంటీమీటర్లు దాటిన మంచి నేల ఈ మూడింటినీ పక్కనపెట్టండి. మిగిలినదాంట్లో ఊరికి ఆనుకుని, ఎత్తుగా, మొరం నేల ఉన్న దిక్కు ఇళ్లకు అనువైనది. రోడ్డు పక్క మంచి మాగాణిలో ప్లాట్లు లేస్తుంటే ఆపగలిగేది లేఅవుటు దశలోనే. పట్టణ, గ్రామీణ ప్రణాళికా విభాగం (డీటీసీపీ) ఆమోదం లేని లేఅవుటుకు పంచాయతీ ఇంటి అనుమతులు ఇవ్వడం మొదలుపెడితే ఇక ఆపడం ఎవరి వల్లా కాదు.

మురుగు కాలువ కొలత కంటి అంచనాతో వేయకండి. 50 ఎకరాల ఊరి మీద గంటకు 60 మిల్లీమీటర్ల వాన పడి, సగం పారితే సెకనుకు సుమారు 1,690 లీటర్లు. రెండు అడుగుల సిమెంటు పైపులో సెకనుకు 550 లీటర్లకు మించి పోదు, అదీ పూడిక లేకపోతేనే. అలాంటి ఒక్క పైపు వేసి రోడ్డు ఎత్తు పెంచితే రోడ్డే కట్టగా మారి పైవాళ్ల ఇళ్లు మునుగుతాయి. నాలుగడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల లోతు పెట్టె కల్వర్టు ఆ నీటిని లాగుతుంది.

చెత్త గోతికి, డంపింగ్ యార్డుకు 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు పెట్టిన దూరాలు పాటించండి: నదికి 100 మీటర్లు, చెరువుకు, తాగునీటి బావికి, ఇళ్లకు, హైవేకి 200 మీటర్లు. తాగునీటి బోరుకు ఎగువన అసలే వద్దు. కోళ్ల షెడ్లను ఊరికి తూర్పు వైపు దూరంగా ఉంచడం నయం, ఈగలూ కంపూ ఎక్కువయ్యే వానాకాలంలో గాలి పడమర నుంచి వీస్తుంది. శ్మశానాన్ని వాగు ఒడ్డు నుంచి ఎత్తుకు జరపాలి.

బంచరాయి, డొంక

ఖాళీగా కనబడే భూమి ఏదీ ఖాళీ కాదు. మేత పోరంబోకు (తెలంగాణలో బంచరాయి), బండ్ల బాట, పొలాల మధ్య పశువులు నడిచే డొంక అన్నీ ఎవరికో ఒకరికి బతుకు. గొర్రెలు గుట్టకు వెళ్లే దారి రెండు పొలాల మధ్య మూసుకుపోతే గుట్ట మీద గడ్డి ఉన్నా లేనట్టే. నక్షాలో ఉన్న డొంక వెడల్పును నేల మీద కొలిచి రెండు వైపులా రాళ్లు పాతించండి. సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించే పథకాలు సిద్ధం చేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. తహసీల్దారుకు రాసే ఉత్తరంలో ఆ తీర్పును ఉటంకించండి.

మొక్కలు నాటే పని ఎక్కువగా ఈ భూముల మీదే పడుతుంది. మేత భూమి అంతా గుంతలు తీసి మొక్కలు పెట్టి కంచె వేస్తే కాపరులు ఆ మొక్కలను బతకనివ్వరు, వాళ్లను తప్పు పట్టలేం. ఒకేడాది మూడో వంతు మాత్రమే మూసి, స్టైలో గడ్డి గింజ చల్లి, వేప, కానుగ పలచగా పెట్టి, మూడేళ్లకు ఆ ముక్క తెరిచి రెండోది మూయండి. ఏ ముక్క ముందు మూయాలో కాపరులనే చెప్పమనండి. సర్కారు తుమ్మను ఒకేసారి వేళ్లతో పెకిలిస్తే నేల ఆ వాననే కొట్టుకుపోతుంది. పట్టీలుగా తీస్తూ, వెంటనే గడ్డి వేస్తూ రావాలి.

జాబితా రాయడం, ఆమోదం

చివరికి చేతిలో ఉండాల్సినది ఒక రిజిస్టరు. ఒక్కో వరసలో సర్వే నంబరు, విస్తీర్ణం, రికార్డు ప్రకారం తరగతి, ఇప్పటి వాడకం, నేల లోతు, వాలు, నీటి హద్దులో ఉందా లేదా, ఇకపై ఏమి చేయొచ్చు, ఏమి చేయకూడదు. రంగుల మ్యాపు దానికి తోడు మాత్రమే. ఇంటి అనుమతి కోసం వచ్చిన అర్జీ మీద కార్యదర్శి నంబరు వెతికి అయిదు నిమిషాల్లో జవాబు చెప్పగలిగేది ఈ రిజిస్టరుతోనే.

గ్రామసభకు పదిహేను రోజుల ముందు జాబితాను వార్డులవారీగా అతికించి, అభ్యంతరాలను రాతపూర్వకంగా తీసుకోండి. అభ్యంతరం వచ్చిన నంబరు దగ్గరికి సర్వేయరుతో వెళ్లి చూడాలి, సభలో చేతులెత్తించి తేల్చకూడదు. తీర్మానంలో సర్వే నంబర్లు విడివిడిగా రాయించండి. ‘చెరువు పరిసర భూములు’ అని రాస్తే రేపు దాని అర్థం ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకుంటారు. ప్రభుత్వ శిఖం, వాగు పోరంబోకు, బంచరాయి నంబర్లను రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ నిషేధిత జాబితాలో చేర్చమని తీర్మానం ప్రతితో తహసీల్దారుకు అర్జీ పెట్టి, రసీదు తీసుకోండి. ఆ జాబితాలో పట్టా నంబరు పొరపాటున కూడా పడకుండా రెండుసార్లు సరిచూడాలి, పడితే ఆ రైతు పిల్ల పెళ్లికి భూమి అమ్ముకోలేక కాళ్లరిగేలా తిరగాల్సి వస్తుంది. గట్లు, కాలువలు, కల్వర్టులు జీపీడీపీలో పనులుగా ఎక్కించినప్పుడు ప్రతి పనికీ సర్వే నంబరు రాస్తే ఎత్తు మీది పనులు ముందు, పల్లంలోవి తర్వాత అనే వరస తప్పదు.

ఏటా మే చివర, నవంబరు మొదట అవే పది పన్నెండు బోర్లలో, మోటారు ఆపి రాత్రంతా వదిలేసి, తెల్లవారుజామున నీటి మట్టం కొలవండి. వానమాని రోజూ ఉదయం 8:30కి చదవండి. రెండూ ఒకే పుస్తకంలో రాసి, కార్యదర్శి బదిలీ అయినప్పుడు అప్పగించే ఛార్జి జాబితాలో ఆ పుస్తకాన్నీ సర్వే నంబర్ల రిజిస్టరునూ పేరు పెట్టి చేర్చాలి.